కొట్టి చూడని రాయి

మొన్న బొర్రా గుహలు చూసి పైకి వస్తుంటే, మెట్ల పక్కన రంగురాళ్లు అమ్ముకునే ఒకాయన నన్ను ఆపాడు. అతని బల్ల మీద అరచేతిలో పట్టేంత రాయి ఒకటి ఊదా, నీలం, ఆకుపచ్చ కలిసి నెమలి మెడలా నిగనిగలాడుతోంది. ఆ రంగుల సందుల్లోంచి ఇత్తడి లాంటి పసుపు తొంగిచూస్తోంది.

"నెమలిరాయి సార్. ఇంట్లో పెట్టుకుంటే శాంతి. అన్నదమ్ముల మధ్య మాట తేడా రాదు" అన్నాడు.

నవ్వొస్తే బాగుండేది. ఒళ్లు మండింది. బతుకంతా బడిపిల్లలకి సైన్సు చెప్పినవాణ్ని, ఆ రాయి తెలియక కాదు. రాగి తీసే ముడిరాయి అది. ఇంగ్లీషులో చాల్కోపైరైట్ అంటారు, మన వైద్యులు స్వర్ణమాక్షికం అంటారు. యాసిడ్ పూస్తే ఆ నెమలి రంగులు తేలతాయి. అది కాదు నా మంట. అన్నదమ్ములన్నాడే, అది. ఈ రాయి ఒక ఇంట్లో అడుగుపెడితే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. "నీ శాంతి నీ దగ్గరే ఉంచుకోవయ్యా" అని గట్టిగానే అనేసి వచ్చేశాను. పాపం, అతనికేం తెలుసు. ఇంటికొచ్చేదాకా మా పెద్దమావే కళ్ల ముందు మెదిలాడు.

పెద్దమావ మా అమ్మకి పెద్దన్న. పేరు చెప్పను. ఊళ్లో కూడా పేరు పెట్టి ఎవరూ పిలవలేదు. వెనకాల 'కొట్టిసూడు నాయుడు' అనేవారు. ముందర అనే దమ్ము ఎవరికీ లేదు. అరవైల చివర పాతపట్నం బడిలో నాకు సైన్సు మాస్టారు ఉద్యోగం వస్తే, దగ్గర్లో కొండ కిందున్న ఆయన ఊళ్లో, ఆయన ఇంట్లోనే ఉండి సైకిలు మీద వెళ్లి వచ్చేవాణ్ని.

ఏ వస్తువునైనా ఆయన కొట్టి చూడందే నమ్మడు. పనసకాయ కొడతాడు, గుమ్మడికాయ కొడతాడు, కొత్తగా ఎక్కించిన తలుపు కొడతాడు. వేళ్ల కణుపులతో టకటకా కొట్టి, కళ్లు మూసుకుని, తల పక్కకి వాల్చి మోత వింటాడు. సంతలో కుమ్మరులు ఆయన్ని దూరాన్నించి చూడగానే గట్టి కుండలు ముందు వరసలోకి జరిపేవారు. పచ్చికుండ ఆయన చేతికి దొరికితే పెంకులే మిగిలేవి. పెంకులు చేతిలో పట్టుకుని ఆ కుమ్మరినే తిట్టేవాడు.

"కొట్టి సూడందే ఏటి తెలుస్తాదిరా అల్లుడా? దేవుడు కూడా కొబ్బరికాయ కొట్టినాకే కదేటి పలుకుతాడు!"

పశువులతోనూ అదే వరస. కొత్తగా కొన్న ఎద్దు ఒకటి ఆయన్ని కొమ్ముతో ఎత్తి పెంటపోగు మీద పడేసింది. లేచి, పంచె ఎగ్గట్టి, నేరుగా దాని ఎదుటికి వెళ్లి రెండు కొమ్ముల మధ్యన పిడికిలితో ఒక్కటి పొడిచాడు. ఎద్దు మోకాళ్ల మీద కూలబడింది. ఆయన వేలు విరిగింది. "దీనికి పొగరున్నాది, దుక్కికి పనికొస్తాది" అని విరిగిన వేలితోనే దాని గంగడోలు నిమిరాడు. ఆ సాయంత్రం నుంచి అది ఆయన తప్ప వేరేవాళ్లు పెడితే మేత ముట్టేది కాదు.

అత్తనీ కొట్టేవాడు. ఈ ముక్క దాటేస్తే ఆయన బొమ్మ అబద్ధమవుతుంది. ఒకరోజు కూర అడుగంటిందని చెయ్యెత్తితే, అత్త చేతిలో ఉన్న కంచు గరిటెతో ఆయన నుదుటి మీద ఒక్కటిచ్చింది. రక్తం ముక్కు మీంచి కారుతుంటే, ఆయన కళ్లు మూసుకుని తల పక్కకి వాల్చాడు. తర్వాత వీధిలోకి వెళ్లి అందరితో చెప్పుకున్నాడు. "మా ఇంటిది మట్టికుండ కాదర్రా, కంచు! మోత సూసినారా?" ఆ తర్వాత ఆవిడ మీద చెయ్యి వెయ్యలేదు. అత్త మాత్రం ఆ గరిటె చేతికందేలాగే పెట్టుకునేది.

ఆయన దెబ్బలన్నిటికీ పెద్ద వాటాదారు చిన్నమావ, అంటే ఆయన తమ్ముడు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే తమ్ముణ్ని భుజాన వేసుకుని పెంచాడు. ఆ ప్రేమంతా చేతిలోనే ఉండేది. పొలం నుంచి వస్తే వీపు మీద ఒక చరుపు, భోజనానికి రమ్మంటే ఒక చరుపు. చిన్నమావ దగ్గుతూ నవ్వుతూ "ఊపిరి ఆగిపోతాది అన్నియ్యా!" అనేవాడు. మెత్తటి మనిషి. పిల్లలు లేరు. భజనంటే ప్రాణం. శివరాత్రికి శ్రీముఖలింగంలో మా ఊరి భజన కూర్చుంటే తాళం ఆయన చేతిలోనే ఉండాలి. ఆ రోజు పెద్దమావ స్తంభానికి ఆనుకుని, కళ్లు మూసుకుని, తల పక్కకి వాల్చి వినేవాడు. తాళం తప్పిందని ఏనాడూ అనలేదు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కొండవార పొలం చెక్కలో నుయ్యి తవ్వాలని అన్నదమ్ములు అనుకున్నారు. మా వైపు నుయ్యి తవ్వితే తొలి గునపంపోటు ఆ ఇంట్లో పిల్లల్లేనివాడి చేత వేయిస్తారు. నీరు పడితే వాడి కడుపూ పండుతుందని నమ్మకం. పోటు వేసినవాడికి ఆ నూతిలోంచి వచ్చిన తొలికడవ ఇచ్చెయ్యాలి. దాన్ని గట్టు మీద పెట్టి, భూమితల్లికి దండం పెట్టి, అతని భార్య నెత్తిన పెట్టుకుని తీసుకెళుతుంది. చిన్నమావ చేత పోటు వేయించి "తొలికడవ నీదేరా, బేగి కొడుకుని కను" అని పెద్దమావ వీపు మీద చరిచాడు.

మట్టి అయిపోయి రాయి తగిలింది. మందు పెట్టి పేల్చడం మొదలెట్టారు. అప్పుడు కొండల మీద నక్సలైట్ల గొడవగా ఉండేది. మొదటి పేలుడు వినగానే పోలీసులు తుపాకులు ఎక్కుపెట్టుకుని లారీలో దిగారు. పెద్దమావ నూతిలోంచే అరిచాడు. "నుయ్యి తవ్వుకుంటే కూడా కాలుస్తారేటి? దిగండి, ఒక సమ్మెట పట్టండి!" ఇద్దరు ఆయన్ని పైకి లాగి నాలుగు తగిలించారు. ఆయన ఒకణ్ని తోసేశాడు, ఇంకా నాలుగు తిన్నాడు. చివరికి ఊరంతా సర్దిచెబితే, వాళ్లే చోళ్ల అంబలి తాగి వెళ్లారు. ఇంకో పేలుడుకి చిన్నమావ వత్తి అంటించి గట్టెక్కేలోపే మందు పేలింది. మనిషికి దెబ్బ తగల్లేదు గాని, కుడిచెవి మరి వినపడలేదు. "కుడిసెవి నూతికిచ్చీసినాను. తాళానికి ఒక సెవి సాలు" అని నవ్వాడు.

ఆ తర్వాత పేలుడుకి రాయి చీలి, తెల్లరాతి మధ్య పసుపు చార బయటపడింది. ఎండ పడి నుయ్యంతా మెరిసింది. కూలివాళ్లు చేతులు జోడించారు. పెద్దమావ ఒక ముక్క తీసి తలగుడ్డలో కట్టుకున్నాడు. ఆ రోజు పని ఆపించేశాడు. నీళ్ల కోసం తెచ్చిన కొత్త కడవలో ఆ ముక్కలన్నీ నింపి, అత్త పూజ చేసుకునే మూల పెట్టి, పైన గుడ్డ కప్పాడు. గునపం పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. ఊళ్లోవాళ్లు లోపలికి రావడం మానేశారు.

బడి నుంచి వచ్చి నేను ఒక ముక్క చూశాను. చూడగానే అనుమానం వచ్చింది. చాకుతో గీస్తే గీత పడింది. పింగాణీ గిన్నె బోర్లించి అడుగున గరుకుగా ఉన్నచోట రుద్దితే, పసుపు గీత పడలేదు, ఆకుపచ్చ కలిసిన నల్లటి గీత పడింది.

"మావా, ఇది బంగారం కాదు. రాగిరాయి. బంగారానికి పసుపు గీత పడతాది. నమ్మకపోతే నువ్వే సుత్తితో కొట్టి చూడు. బంగారమైతే సాగుతాది, ఇదైతే పొడుం అయిపోతాది."

చెంప ఛెళ్లుమంది. కింది దవడ పక్కకి పోయిందేమో అనుకున్నాను.

"లచ్చిందేవిని సుత్తితో కొట్టమంతావురా? సదువుకున్న ముండాకొడకా!"

నాకు దెబ్బ కంటే ఆ మాటే వింతగా తోచింది. దేవుణ్నే కొట్టి చూడమనే మనిషి, ఆ రాయి దగ్గర చెయ్యెత్తలేకపోయాడు. ఎత్తితే పగులుతుందేమోనని ఆయనకీ భయమే. కంసాలికి చూపిద్దామంటే, ఊరికి తెలుస్తుంది, ఊరి నుంచి సర్కారుకి తెలుస్తుంది అని కళ్లెర్రజేశాడు. కొట్టి చూడకుండా ఆయన నమ్మింది ఆ ఒక్కదాన్నే.

ఇలాంటివి దాగవు కదా. పక్కూరి నుంచి చిన్నత్త అన్న దిగాడు. బావ మెత్తనివాడని తెలిసినవాడు. అరుగు మీద కూర్చుని అందరికీ వినపడేలా అన్నాడు.

"తొలిపోటు మా బావది. తొలికడవ మా బావది. నేనన్న మాట కాదు, ఊరి మాట."

"నీల కడవకిరా ఆ మాట! నీలు పడితే కడవేటి, నుయ్యే ఇచ్చీసినా ఆడికి" అన్నాడు పెద్దమావ. "ఇయి నీలేటి?"

"మాట మారుస్తన్నావు నాయుడూ."

గునపం అరుగు మీదకి విసిరాడు పెద్దమావ. అది చిన్నత్త అన్న చెవి పక్క నుంచి వెళ్లి మట్టిగోడలో దిగబడింది. చిన్నమావ ఇద్దరి మధ్యా నిలబడి "నాకేటీ వద్దన్నియ్యా, నాకేటీ వద్దు బావా" అంటూనే ఉన్నాడు. ఆ మాట ఏ ఒక్కరూ చెవిన పెట్టలేదు. పొయ్యిలు రెండయ్యాయి. చిన్నత్తా పెద్దత్తా ఒకరి మీద ఒకరు దుమ్మెత్తి పోసుకున్నారు. చిన్నమావ తాళాలు పట్టుకుని పశువులపాకలో కూర్చునేవాడు గాని, మోగించేవాడు కాదు.

ఒకరోజు పొద్దున్నే పెద్దమావ కాలవ వైపు వెళ్లిన సమయం చూసి, చిన్నత్త అన్న మనుషుల్ని కర్రలతో తీసుకొచ్చాడు. అత్తని పక్కకి తోసి కడవ ఎత్తుకెళ్లి, ఆచారం ప్రకారం తీసుకుంటున్నామని నూతిగట్టు మీద పెట్టారు. అత్త కేక విని పెద్దమావ తడిపంచెతోనే పరుగెత్తాడు. ఆయన వెనక నేనూ పరుగెత్తాను.

మొదటివాడి కర్ర లాక్కుని వాడి మోకాలి మీదే విరిచాడు. ఇంకొకణ్ని జుట్టు పట్టి గట్టుకేసి కొట్టాడు. వాడి పళ్లు మట్టిలో పడ్డాయి. చిన్నత్త అన్న వెనక నుంచి కర్రతో ఆయన నడుము మీద బాదాడు. నేను అడ్డం వెళితే నా మణికట్టు మీద పడింది. దుమ్ము, బూతులు, రక్తం. ఎవరు ఎవర్ని కొడుతున్నారో కొట్టుకునేవాళ్లకే తెలియలేదు. ఆ దొమ్మీలోకి చిన్నమావ వచ్చాడు. వచ్చి గట్టు మీది కడవ ఎత్తి, గుండెలకి పొదువుకుని, అన్న వైపే నడిచాడు.

"అన్నియ్యా, ఇందా..." అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను, ఆ మాట విన్నాను. ఇచ్చెయ్యడానికే తెస్తున్నాడు. నుదురు చిట్లి పెద్దమావ కళ్లలోకి రక్తం కారుతోంది. తమ్ముడి చేతుల్లో కడవ ఒక్కటే ఆయనకి కనిపించింది. కడవలోంచి ఒక రాయి అందుకుని ఎడమచెవి పక్కన కొట్టాడు.

చిన్నమావ కూలిపోయాడు. కడవ పగిలింది. ఆ రాయి చేతిలోంచి జారి గట్టురాతి మీద పడి, చిన్న చిన్న ముక్కలైపోయింది. ఒక్క ముక్కా సాగలేదు, ఒక్క ముక్కా నొక్కుకోలేదు. పెద్దమావ అరచేయి చూసుకున్నాడు. తమ్ముడి రక్తంలో ఆకుపచ్చ కలిసిన నల్లటి పొడుం.

తమ్ముణ్ని ఎత్తలేదు ఆయన. గట్టు పక్కన కూలబడి, కడవలోంచి చెదిరిన రాళ్లు ఒక్కొక్కటీ తీసి రాతికేసి కొట్టడం మొదలెట్టాడు. ప్రతిదీ పొడుం అయింది. ఇంకోటి కొట్టాడు. కర్రలు పట్టుకున్నవాళ్లు కూడా నిలబడిపోయారు.

"తమ్ముడు సచ్చిపోతంటే రాలు కొడతన్నావేటి! నువ్వు మనిషివేటి!" అని అత్త ఆయన జుట్టు పట్టి ఊపేసింది.

అప్పుడు మనిషిలో కదలిక వచ్చింది. తమ్ముణ్ని భుజాన వేసుకున్నాడు. బండి కట్టేదాకా ఆగలేదు. పాతపట్నం దారంతా ఆయనే మోశాడు. నేను ఒక చేత్తో చిన్నమావ తల పట్టుకుని పక్కన పరుగెత్తాను. ఆయన చెవిలోంచి కారిన రక్తం పెద్దమావ వీపు మీంచి మడమల దాకా దిగింది.

చిన్నమావ బతికాడు. స్పృహ వచ్చేసరికి మంచం పక్కన పోలీసు టోపీ కనిపించింది. ఎవరూ అడక్కముందే "నూతిలో రాయి జారి పడ్డాది బాబూ" అన్నాడు. డాక్టరు "ఎవరు కొట్టారో చెప్పు, భయం లేదు" అన్నాడు. "నూతిలో రాయి జారి పడ్డాది" అన్నాడు మళ్లీ. "నీ పేరేంటి?" అనడిగాడు డాక్టరు. "నూతిలో రాయి..." డాక్టరుకి అనుమానం వచ్చి, మంచం తల వైపు వెళ్లి పళ్లెం మీద చెంచాతో గట్టిగా కొట్టాడు. చిన్నమావ కళ్లు గోడ మీది బల్లినే చూస్తున్నాయి. గుమ్మంలో నిలబడ్డ పెద్దమావ అలవాటు కొద్దీ తల పక్కకి వాల్చాడు. పళ్లెం మోత ఆయనకి వినపడింది. తమ్ముడికి వినపడలేదు.

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చినా దంచి కురిశాయి. నూతిలో నీళ్లు పడ్డాయి గాని, గట్టు మీది రాళ్లపోగు కడిగిన నీళ్లూ అందులోకే దిగాయి. లేతనీలంగా, నోట్లో పోసుకుంటే రాగి పైసా నాకినట్టుండేది. అత్త ఇనపబకెట్టు అందులో వదిలేస్తే, తీసేసరికి రాగిపూత పట్టి ఎర్రబడింది. దూడ ఒకటి తాగి చచ్చింది. ఊరు వద్దంటున్నా పెద్దమావ ఒక చెంబుడు ముంచుకుని గటగటా తాగాడు. రోజంతా కక్కుకున్నాడు. ఎవరు పట్టుకోబోయినా విదిలించేశాడు.

తేరుకున్నాక నన్ను పిలిచాడు. అదే మొదటిసారి ఆయన నన్నొక మాట నెమ్మదిగా అడగడం.

"ఒరే అల్లుడా. ఈ రాయి దేనికీ పనికిరాదేటిరా?"

నేను చెప్పాను. బొగ్గుల్లో కాలిస్తే గంధకం వాసన వస్తుందని, కొలిమిలో కరిగించి శుభ్రం చేస్తే రాగి వస్తుందని, ప్రపంచంలో రాగి ఎక్కువగా ఈ రాయిలోంచే తీస్తారని. బిందెలు, దేవుడి పళ్లేలు, పట్నంలో కరెంటు తీగలు. ఇత్తడిలో ఉన్నదీ, అత్త కంచు గరిటెలో ఉన్నదీ రాగే. పైరు తెగులుకి కొట్టే మైలుతుత్తం, పశువుల గిట్టల పుండ్లకి పూసేదీ రాగిదే. వైద్యులు ఈ రాయినే పుటం పెట్టి మందు చేస్తారని కూడా చెప్పాను. ఆయన వేళ్లు మడుస్తూ విన్నాడు. మడవడానికి వేళ్లు అయిపోయాయి.

"ఇన్ని పన్లున్నాయేటి దీనికి" అన్నాడు. "నానొక్క పనికే వాడినాను."

ఆ నుయ్యి ఆయనే పూడ్చాడు. సాయానికి వెళితే రాళ్లు విసిరాడు. పసుపురాళ్లన్నీ అందులోనే పోశాడు. ఒక ముక్క నేను ముందే బడికి తీసుకెళ్లాను. ఏటేటా పిల్లలకి అది చూపించి, గీయించి, కాల్చి పాఠం చెప్పేవాణ్ని. ఎవడైనా "బంగారం లాగుంది సార్" అనగానే నా మణికట్టు సలిపేది.

తర్వాత పెద్దమావ దేన్నీ కొట్టి చూడలేదు. సంతలో కుండ చేతికిస్తే అలాగే తీసుకునేవాడు. చిల్లుకుండలు తెచ్చినందుకు అత్త తిట్టేది. తిడుతూ ఏడ్చేది. పొయ్యిలు మళ్లీ ఒకటయ్యాయి గాని, భజనలో తాళం వేరేవాళ్ల చేతికి వెళ్లింది. శివరాత్రికి అన్నదమ్ములిద్దరూ శ్రీముఖలింగం వెళ్లేవారు. భజన జరుగుతుంటే ఇద్దరూ దూరంగా ఏటి ఇసకలో కూర్చునేవారు.

చెవిటివాణ్ని పిలవాలంటే ముట్టుకోవాలి. నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఎద్దుని పిడికిలితో కూల్చిన ఆ చెయ్యి, భోజనానికి రమ్మనడానికి తమ్ముడి వెనక్కి వెళ్లి, కాసేపు గాలిలో ఆగిపోయేది. తర్వాత రెండు వేళ్లు మాత్రం భుజం మీద ఆనేవి, కాలిన పెనం మీద వేలు పెట్టినంత భయంగా. చిన్నమావ తిరిగి చూసి నవ్వేవాడు. "వస్తన్నానన్నియ్యా" అనేవాడు. రోజూ అంతే.

చాలా ఏళ్లకి పెద్దమావ పోయాడు. కబురు అంది నేను వెళ్లేసరికి పాడె కట్టేశారు. చిన్నమావ శవం తల దగ్గర, జనానికి వీపు పెట్టి కూర్చున్నాడు. "లెగవయ్యా, ఎత్తాల" అని ఎవరెవరో అరుస్తున్నారు. డప్పులు మోగుతున్నాయి. ఆయనకేం వినపడుతుంది? నేనే వెనక్కి వెళ్లి, ఏమీ ఆలోచించకుండానే, రెండు వేళ్లు ఆయన భుజం మీద ఆనించాను.

తిరిగి చూడలేదు. శవం మీది గుడ్డ సర్దుతూనే అన్నాడు.

"వస్తన్నానన్నియ్యా. ఉండు."